అంగట్లో అన్నీ ఉన్నాయి, కొనేవాళ్లకే కనబడటం లేదు

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. ఆమెకు 43 ఏళ్లు. భర్తతో కలిసి మూడేళ్లుగా చిన్న బేకరీ నడుపుతున్నారు. ఆయన లోపల ఓవెన్ దగ్గర, ఈమె బయట కౌంటర్లో. ఆయన పెద్ద బేకరీల్లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి, పనిలో రాజీ పడరు. రోజుకు 80, 90 మంది వస్తారట. వాళ్లలో ఎక్కువమంది రొట్టె ఒక్కటే తీసుకునో, కాఫీ ఒక్కటే తాగో వెళ్లిపోతారు. కేకులు, బిస్కెట్లు సాయంత్రానికి ట్రేల్లోనే ఉండిపోతాయి. అద్దె, పనివాళ్ల జీతాలు కట్టాక నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదు.

షాపు పెట్టేటప్పుడు ఆమె మరిది డబ్బు సర్దారు. ఇప్పుడు వారం వారం వచ్చి, "అన్నిటి మీదా 20 శాతం తగ్గింపు అని పెద్ద బ్యానర్ కట్టండి వదినా, ఫోన్లలో ప్రకటనలు వేయిద్దాం" అంటున్నారు. భర్త మాట వేరు. సరుకు బాగుంటే జనమే వెతుక్కుంటూ వస్తారని, బోర్డులూ ఆఫర్లూ తమకు తగిన పని కాదని ఆయన నమ్మకం. పోయిన నెల ఆమె కొత్త కేకును చిన్న ముక్కలు కోసి, రుచి చూడమని ఒక పళ్లెంలో కౌంటర్ మీద పెట్టారు. పది నిమిషాల్లో ఆయన బయటికి వచ్చి, ఇద్దరు కస్టమర్లు చూస్తుండగానే "మనమేమన్నా అడుక్కుంటున్నామా?" అని ఆ పళ్లెం లోపలికి తీసుకుపోయారు. ఆ సంగతి మళ్లీ ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

"మరిది మాట వింటే ఈయనకు కోపం, వినకపోతే అప్పిచ్చిన మనిషికి కోపం. ఇంతకీ నేను బిల్లు కొట్టడానికి తప్ప దేనికీ పనికిరానా?" అని అడుగుతున్నారు. చివర్లో నవ్వులాటగా ఇంకో మాట రాశారు: ఏడాదిగా రోజూ రొట్టె కొనుక్కెళ్లే ఒకాయన ఈమధ్య "మీరు బిస్కెట్లు కూడా చేస్తారా?" అని అడిగారట.

సమాధానం:

మీరు నవ్వులాటగా రాసిన ఆ మాటే మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది. ఏడాది పాటు రోజూ మీ షాపు గడప తొక్కిన మనిషికి మీ దగ్గర బిస్కెట్లు ఉన్నాయన్న సంగతే తెలియదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అచ్చం అలాగే ఉంది. కాకపోతే ఇక్కడ శని ఎవరి నోట్లోనూ లేదు. ఆ ట్రే ఎక్కడ పెట్టారో అక్కడ ఉంది.

మీ ఇంట్లో మూడు గొడవలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. అమ్మకాల సంగతి ఒకటి. షాపులో ఎవరి మాట చెల్లాలన్నది రెండోది. కస్టమర్ల ముందు మీకు జరిగిన చిన్నతనం మూడోది. వీటిని కలిపి పట్టుకుంటే ఏదీ తేలదు. లెక్కలకు లొంగేది కాబట్టి అమ్మకాలతోనే మొదలుపెడతాను.

ఏ షాపుకైనా డబ్బు మూడు దారుల్లో పెరుగుతుంది. కొత్తవాళ్లు రావాలి, వచ్చినవాళ్లు ఇంకొకటి కొనాలి, కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ రావాలి. మీ మరిది ఆలోచన అంతా మొదటి దారి మీదే ఉంది. మీరు రాసినదాన్ని బట్టి మీకు మనుషులు తక్కువై ఇబ్బంది లేదు. రోజుకు 80 మంది వస్తున్నారు, ఒక్కటే కొని పోతున్నారు. అంటే లోపం రెండో దారిలో ఉంది. బయట బ్యానర్ కట్టి ఇంకో 20 మందిని తెచ్చినా వాళ్లూ ఒక్క రొట్టే కొని పోతారు, అదీ తగ్గించిన ధరకు.

నా మాట నమ్మి ఏదీ మార్చకండి. ముందు ఒక వారం పాటు నోటు పుస్తకంలో రాసుకోండి: రోజుకు ఎన్ని బిల్లులు, ఒక్కో బిల్లులో ఎన్ని వస్తువులు, షట్టర్ దించేటప్పుడు ఏ ట్రేలో ఎన్ని మిగిలాయి. అంతకుమించి ఏమీ అక్కర్లేదు. బిల్లులు 80 ఉండి వస్తువులు 90 ఉంటే నేను చెప్పింది నిజం. బిల్లులే 40కి పడిపోయాయని తేలితే మీ మరిది మాటలోనూ కొంత నిజం ఉన్నట్టే. అప్పుడు ఇదే కాగితం ఆయన చేతికివ్వండి.

ఇక ఆయన చెబుతున్న 20 శాతం తగ్గింపు. ఒక కేకు 100కి అమ్ముతున్నారు, పిండీ వెన్నా గ్యాసూ డబ్బా అన్నీ కలిపి ఖర్చు 60 అనుకుందాం. మీకు మిగిలేది 40. ధర 80 చేస్తే మిగిలేది 20. అంటే ఇవాళ సంపాదిస్తున్నదే మళ్లీ సంపాదించాలంటే కేకులు రెట్టింపు అమ్మాలి. రెట్టింపు అమ్మడానికి రెట్టింపు చేయాలి, ఆ చేసే మనిషి మీ ఆయన ఒక్కరే. ఈ లెక్క మీ మరిదికి కోపం లేకుండా, పక్కన కూర్చుని వేసి చూపించండి. అప్పిచ్చిన మనిషికి అన్నిటికన్నా తొందరగా అర్థమయ్యే భాష అదే.

తగ్గింపు ఎప్పుడూ తప్పేనని నేననను. ఖర్చు 60 అయిన కేకు రెండు మిగిలిపోయి పారేస్తే 120 పోయినట్టు. ఆ నష్టం పూడాలంటే మూడు కేకులు పూర్తి ధరకు అమ్మాలి. కాబట్టి రేపటికి పనికిరాని సరుకును మూసే ముందు కాస్త తక్కువకిస్తే మేలే. దీనిలోనూ ఒక మెలిక ఉంది. నేను ఒకప్పుడు చిన్న కాఫీ షాపు నడిపాను. రోజూ రాత్రి ఎనిమిదికి సగం ధర అని పెట్టాను. నెల తిరిగేసరికి ఆరింటికి వచ్చేవాళ్లంతా ఎనిమిదికి రావడం మొదలుపెట్టారు! నేనే నేర్పించాను వాళ్లకి. మీరు చేస్తే రోజూ ఒకే గంటకు, ఒకే సరుకు మీద చేయకండి. అంతకన్నా ముందు, రోజూ మిగిలేదాన్ని అసలు తక్కువ చేయండి.

ఇప్పుడు షాపులోకి వద్దాం. రేపు తెరిచే ముందు మీరు బయటికెళ్లి, కొత్త మనిషిలా తలుపు తీసుకుని లోపలికి రండి. కౌంటర్ వెనక నుంచి మూడేళ్లుగా చూస్తున్న షాపు వేరు, ఇటు నుంచి కనబడే షాపు వేరు. మొదటి రెండు మూడు అడుగుల్లో మనిషి ఏదీ చదవడు. వెలుతురుకు అలవాటు పడుతూ, గొడుగు దులుపుకుంటూ, వరస ఎక్కడుందో వెతుక్కుంటూ ఉంటాడు. తలుపు మీద అంటించిన కాగితాలు చాలావరకు దండగ అందుకే. అదే మనిషి డబ్బులివ్వడానికి వరసలో నిలబడ్డప్పుడు చేయడానికేమీ ఉండదు, కళ్లు ఖాళీగా ఉంటాయి. మీ బోర్డు ఉండాల్సిన చోటు అది. ఆ నిలబడ్డచోటి నుంచి ఏం కనిపిస్తోందో చూడండి. నా అనుమానం, మీ బిల్లింగ్ మిషనూ, ఫ్రిజ్ పక్కభాగమూ కనబడతాయి. బిస్కెట్లు మాత్రం ఎక్కడో మోకాలి ఎత్తులోనో, ఫ్రిజ్ వెనకో ఉంటాయి.

ఛాతీకీ కళ్లకీ మధ్య ఎత్తులో ఉన్నదే ఎక్కువమంది కంటపడుతుంది. అక్కడ రొట్టెకు చోటివ్వకండి. రొట్టె కోసం వచ్చినవాళ్లు అది ఎక్కడున్నా అడిగి తీసుకుంటారు. అడగనివాటికి ఆ చోటు కావాలి. పిల్లల కంటి ఎత్తులో తీపివి పెడితే బాగా అమ్ముతాయని కొందరు చెబుతారు, నిజంగానే అమ్ముతాయి. నాకైతే నచ్చదు. కౌంటర్ దగ్గర పిల్లాడు మారాం చేస్తే తల్లి ఆ పూటకు కొనిచ్చి, రేపటి నుంచి పిల్లాణ్ని తీసుకుని మీ షాపు వైపు రాదు.

సాయంత్రం నాలుగయ్యేసరికి పెద్ద ట్రేలో మూడు కేకులు మిగిలితే అవి మిగిలిపోయినవిగానే కనిపిస్తాయి, ఉదయం చేసినవైనా సరే. అదే మూడింటినీ చిన్న పళ్లెంలోకి మార్చి దగ్గరగా సర్దండి, చూపు మారిపోతుంది. షోకేసు అద్దం రోజుకు రెండుసార్లు తుడవండి. లోపల బల్బు మాడిపోతే ఆ రోజే మార్చండి. ఇవి మరీ చిన్నవని మీ ఆయన కూడా అడ్డు చెప్పరు.

ధర చీటీలు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. లేకపోతే అన్నిటికన్నా ముందు అవి పెట్టండి. ధర అడగడానికి మొహమాటపడి, తెలిసిన రొట్టే తీసుకుని వెళ్లిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. చీటీ మీద పేరు, ధర, అందులో ఏముందో ఒక్క ముక్కలో రాయండి. గోధుమ, పాలు, గుడ్డు, వేరుశనగ, జీడిపప్పు లాంటివి ఉంటే తప్పకుండా రాయాలి. కొందరి ఒంటికి అవి ప్రమాదం. అది అమ్మకం కోసం చేసే పని కాదు. మీ చేతిరాత బాగుంటే చేత్తోనే రాయండి, ఇంట్లో చేసిన సరుకుకు అచ్చు అక్షరాల కన్నా అదే నప్పుతుంది.

రకాలు తగ్గించమని ఎవరో ఒకరు మీకు చెబుతారు. దీని వెనక ఒక పేరున్న ప్రయోగం ఉంది. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించారు. ఒక షాపులో ఒకసారి 24 రకాల జామ్, ఇంకోసారి 6 రకాలు రుచికి పెట్టారు. 24 రకాల బల్ల దగ్గర ఎక్కువమంది ఆగారు. కానీ ఆగినవాళ్లలో కొన్నది 3 శాతం. 6 రకాల దగ్గర ఆగినవాళ్లలో 30 శాతం కొన్నారు. విన్నవాళ్లంతా వెంటనే సగం సరుకు ఎత్తేయాలనుకుంటారు. ఆగండి. ఇలాంటివే 50 ప్రయోగాలను 2010లో కలిపి చూస్తే, సగటున ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. అంటే ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మీ షోకేసు ముందు జనం "ఏది తీసుకోమంటారు?" అని తటపటాయిస్తుంటే తగ్గించండి. లేకపోతే అన్నీ ఉంచి, ఒకదాని పక్కన "ఇవాళ్టిది" అని చీటీ పెట్టండి. ఎంచుకునే బరువు వాళ్ల మీద నుంచి కొంత దిగుతుంది. ఆ "ఇవాళ్టిది" మాత్రం రోజూ మారాలి. కొత్త ఒక వింత, పాత ఒక రోత.

జత ఆఫర్లు మీకు బాగా పనికొస్తాయి. కాఫీ తాగేవాళ్లు ఉన్నారు, బిస్కెట్లు మిగులుతున్నాయి. కాఫీ 100, దాని ఖర్చు 50 అనుకోండి. బిస్కెట్ల పొట్లం 40, ఖర్చు 12. రెండూ కలిపి 125 అంటే మీకు మిగిలేది 63. కాఫీ ఒక్కటే కొనేవాళ్ల దగ్గర మిగిలేది 50 కాబట్టి 13 లాభం. కానీ రెండూ ఎలాగూ కొనేవాళ్ల దగ్గర 78 మిగిలేది, ఇప్పుడు 63కి దిగింది. అందుకే ఇప్పటికే జనం కలిపి కొంటున్నవాటికి జత కట్టకండి, కొననివాటికి కట్టండి. ఏవి కలిపి కొంటున్నారో మీ నోటు పుస్తకమే చెబుతుంది.

మళ్లీ రప్పించడానికి కార్డులు ఇస్తారు కదా, పది కాఫీలకు ఒకటి ఉచితం అని. 2006లో జోసెఫ్ న్యూన్స్, జేవియర్ డ్రెజ్ అనేవాళ్లు కార్లు కడిగేచోట ఇలాంటి కార్డులు పంచి చూశారు. కొందరికి 8 ముద్రలు పడాల్సిన ఖాళీ కార్డు, కొందరికి 10 ముద్రల కార్డు, అందులో 2 ముందే వేసి ఇచ్చారు. ఇద్దరికీ మిగిలినవి ఎనిమిదే. ఖాళీ కార్డువాళ్లలో 19 శాతం పూర్తిచేస్తే, రెండు ముద్రలున్నవాళ్లలో 34 శాతం పూర్తిచేశారు. మొదలైపోయిన పనిని మధ్యలో వదలబుద్ధి కాదు మరి. మీరు కార్డు పెడితే ఇలా పెట్టండి. పెట్టాక మధ్యలో నియమాలు మార్చకండి, మాట పోతుంది. పాట పెట్టాలా, గోడ రంగు మార్చాలా అన్నవి ఇప్పట్లో వదిలేయండి.

"ఇంకేమైనా కావాలా?" అని అడగడం మీ ఆయనకు నచ్చదని ఊహించగలను. నిజానికి నాకూ నచ్చదు, కారణం వేరు. ఆ ప్రశ్నకు ఎవరైనా ఆలోచించకుండానే "వద్దు" అనేస్తారు. దాని బదులు ఒక్క కబురు చెప్పండి: "ఈ బిస్కెట్లు ఇప్పుడే ఓవెన్లోంచి తీశాం, కాఫీలోకి బాగుంటాయి." చెప్పి ఊరుకోండి. తీసుకుంటే తీసుకుంటారు. రెండోసారి చెప్పొద్దు, వెనక వరస పెరిగినప్పుడు అసలే వద్దు. రోజూ వచ్చేవాళ్లకు రోజూ అదే మాట చెప్పినా విసుగొస్తుంది.

ఇక మీ ఆయన సంగతి. ఆయన మూర్ఖంగా మాట్లాడుతున్నారని నేననుకోవడం లేదు. సరుకు బాగుండాలన్నది నూటికి నూరుపాళ్లు నిజం. బాగాలేని కేకు రుచి చూపిస్తే ఉన్న గిరాకీ కూడా పోతుంది. ఆయన తప్పల్లా ఒక్కటే, బాగున్న సరుకు దానంతటదే తెలుస్తుందనుకోవడం. ఆయన చేతి పని మాట్లాడాలంటే ముందు అది ఒకరి నోట్లో పడాలి కదా! ఆ పళ్లెంలో ఉన్నది ఆయన కేకే. బహుశా అది మీరు ఆయనకు చెప్పకుండా పెట్టడం, "అమ్ముడుపోవడం లేదు కాబట్టి పంచుతోంది" అన్నట్టు ఆయనకు తోచడం వల్ల రోషం వచ్చి ఉంటుంది. ఇది ఆయన్ని వెనకేసుకు రావడం కాదు. నలుగురి ముందు అలా అనడం తప్పు. అది మీరు ఆయనతో చెప్పాలి, షాపులో కాకుండా షట్టర్ దించాక, అమ్మకాల మాట అసలు ఎత్తకుండా: "ఆ రోజు నాకు చిన్నతనమైంది." అంతే. ఆఫర్లతో కలిపి చెబితే అది వాదన అయిపోతుంది, మీ బాధ అందులో మునిగిపోతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఆయనకు చెప్పకుండా మీ కౌంటర్ మేరకు మార్చుకుంటూ పోవచ్చు. చీటీలు, ట్రేలు, అద్దం లాంటివాటికి ఇది చాలు, ఫలితం కూడా తొందరగా కనిపిస్తుంది. కానీ రుచి పళ్లెం, జత ఆఫరు దీనిలో పడవు. అవి ఆయన చేసే సరుకుతో ముడిపడ్డవి, మళ్లీ పళ్లెం లోపలికి పోతుంది. లేదా మరిది మాట ప్రకారం తగ్గింపు పెట్టొచ్చు. ఇంట్లో ఒకవైపు కొన్నాళ్లు శాంతి. కానీ ధర ఒకసారి దించాక మళ్లీ పెంచడం కష్టం, పెంచిన రోజు కస్టమర్లు మిమ్మల్నే నిలదీస్తారు. మీ మరిది పట్టు వదలకపోతే ఒక్క వస్తువు మీద, రెండు వారాలు, ముగింపు తేదీ రాసి పెట్టి చేయండి.

మూడోది నాకు ఎక్కువ నచ్చే దారి, కాస్త నిదానమైనది. మీ ఆయన్ని షోకేసులో ఒక్క అర, ఒక్క నెలపాటు ఇమ్మని అడగండి. "ఈ ఒక్క అర నా ఇష్టానికి వదలండి. నెలాఖరుకు పుస్తకం చూద్దాం, పెరగకపోతే తీసేస్తాను." ఓడిపోయే అవకాశం మీకూ ఉంది కాబట్టి ఆయన ఒప్పుకునే వీలుంది. నిజంగా పెరగకపోతే తీసేయాలి మరి. ఒక్కసారి ఒక్క మార్పే చేయండి, అన్నీ కలిపి చేస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

పళ్లెం మళ్లీ పెట్టే రోజు వస్తే, దాన్ని ఆయన్నే బయటికి తీసుకురమ్మనండి. ఏప్రన్ మీదే, పిండి చేతులు కడుక్కుని వచ్చి, "కొత్తగా చేశాను, ఎలా ఉందో చెప్పండి" అంటే అది అడుక్కోవడంలా ఆయనకే అనిపించదు. ముక్కలు చిన్నవిగా కోయండి, మూత పెట్టండి, చేతులతో తీసుకోకుండా పుల్లలు ఉంచండి. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. క్రీమ్ ఉన్నవి 5 డిగ్రీల లోపు చల్లదనంలోనే ఉండాలి, కాబట్టి అవి నాలుగైదు ముక్కలు చొప్పునే బయటికి తీయండి.

మరిది అప్పు గురించి ఒక్క మాట. ఆయన డబ్బు ఇచ్చారు సరే, అది అప్పా, వాటానా? ఉత్తరంలో మీరు అప్పనే అన్నారు గానీ, మీ ఇంట్లో అది స్పష్టంగా లేదనిపిస్తోంది. అప్పయితే నెలకు ఎంత, ఎప్పటికి తీరుతుందన్నది ముగ్గురూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. అప్పుడు ఆయన సలహా ఒక సలహాగా వినొచ్చు. వాటా అయితే ఆయనకు లెక్కలు చూసే హక్కు ఉంటుంది, నెలకోసారి పుస్తకం చూపించండి. ఏ సంగతీ తేల్చకుండా వదిలేస్తే, ప్రతి బ్యానర్ మీదా ఈ గొడవే మళ్లీ వస్తుంది. తేల్చే రోజున ఇంట్లో కాస్త వేడి పుట్టొచ్చు, దానికి సిద్ధపడే కూర్చోండి.

మీరు బిల్లు కొట్టడానికి తప్ప పనికిరానా అని అడిగారు. రోజూ 80 మంది ముఖాలు చూసే మనిషి మీ షాపులో మీరొక్కరే. ఎవరు దేని ముందు ఆగి, చూసి, తీసుకోకుండా వెళ్లారో మీ ఆయనకూ తెలియదు, మరిదికీ తెలియదు. అదీ ఆ నోటు పుస్తకంలో రాయండి.

బిస్కెట్ల ట్రే మాత్రం రేపు పొద్దున్నే బిల్లు కొట్టే చోటి పక్కకు తెచ్చేయండి. దానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఆ రొట్టె కొనే పెద్దమనిషి వచ్చినప్పుడు ఏమన్నారో నాకు రాయండి.